వంటిల్లు ఒకటే, పుట్టిళ్లు వేరు

ప్రశ్న: డాక్టర్ గారూ, నాకు 42 ఏళ్లు. ప్రైవేటు స్కూల్లో టీచర్ని. ఎత్తు 155 సెంటీమీటర్లు, బరువు 66 కిలోలు. ఆఫర్ ఉందని ఫుల్ బాడీ చెకప్ చేయించుకుంటే పరగడుపు షుగర్ 112, హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగర్ సగటు) 6.2, హిమోగ్లోబిన్ 9.4 వచ్చాయి. అదే ప్యాకేజీలో లెప్టిన్ అనే హార్మోన్ కూడా చూసి, ‘హై’ అని ఎర్ర అక్షరాలతో ఇచ్చారు. మా తోటికోడలు 84 కిలోలు ఉంటుంది, నాకంటే పెద్దది. ఆవిడకి షుగర్ నార్మల్. ఇద్దరం ఒకే వంటింట్లో తింటాం. మరి నాకెందుకు వచ్చింది? కొవ్వులోంచే హార్మోన్లు వస్తాయనీ, అవి చెడితే ఎంత మాడినా బరువు తగ్గదనీ తెలిసినావిడ ఒకరు చెప్పి, లెప్టిన్‌ని సరిచేసే పొడి ఇస్తానంటున్నారు. నెలకి 3,800 రూపాయలు. వాడమంటారా? మా అమ్మకి షుగర్ ఉంది. రెండో కాన్పప్పుడు నాకూ కాస్త వచ్చి, తర్వాత పోయింది.
— ఒక పాఠకురాలు, ఖమ్మం

సమాధానం:

ఆ పొడి కొనకండి. ఈ మాట ముందే చెప్పేస్తే మీకు డబ్బు మిగులుతుంది, మనకి తీరిగ్గా మాట్లాడుకునే వీలు దొరుకుతుంది. లెప్టిన్ ఒక ప్రోటీన్. నోట్లో వేసుకుంటే పప్పులోని ప్రోటీన్‌లాగే అదీ అరిగిపోతుంది. ఇక దాన్ని ‘సరిచేస్తాం’ అనే పొడుల్లో సరైన పరీక్షలకి నిలబడింది ఒక్కటీ లేదు.

అయితే ఆవిడ మాటల్లో సగం నిజముంది. అసలు బేరం కుదిరేదే ఆ సగంతో. కొవ్వు హార్మోన్లు తయారుచేస్తుందన్నది నిజం. వాటికీ షుగర్‌కీ సంబంధం ఉందన్నదీ నిజం. మీ లెప్టిన్ ఎక్కువగా ఉంది కాబట్టి దాన్ని దారిలో పెడితే బరువు తగ్గుతారన్న లెక్క మాత్రం తలకిందులు.

ఈ కథ ఎలుకలతో మొదలైంది. 1949లో అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో, జాక్సన్ లేబొరేటరీలో ఒక రకం చిట్టెలుకలు బయటపడ్డాయి. తిండి ముందు నుంచి కదిలేవి కావు, మామూలు ఎలుకకి మూడింతలు బరువు పెరిగేవి. తర్వాత అక్కడే పనిచేసిన డగ్లస్ కోల్‌మన్ అనే శాస్త్రవేత్త ఓ లావు ఎలుకనీ, ఓ మామూలు ఎలుకనీ పక్కపక్కన చేర్చి కుట్టి, ఒకదాని రక్తం ఇంకోదాంట్లోకి వెళ్లేలా చేశాడు. లావు ఎలుక తిండి తగ్గించేసింది! అంటే మామూలు ఎలుక రక్తంలో ‘ఇక చాలు’ అని చెప్పేదేదో ఉంది, లావుదాని ఒంట్లో అది లేదు. అదేమిటో తేలడానికి 1994 దాకా పట్టింది. న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ యూనివర్సిటీలో జెఫ్రీ ఫ్రీడ్‌మన్ బృందం ఆ జన్యువుని పట్టుకుంది. ఆ హార్మోన్ వస్తున్నది కొవ్వు కణాల్లోంచే. అదే లెప్టిన్.

ఇక ఊబకాయానికి మందు దొరికేసినట్టే అనుకున్నారు. ఆమ్‌జెన్ అనే మందుల కంపెనీ హక్కుల కోసం 2 కోట్ల డాలర్లు ముందే కట్టింది. తీరా లావుగా ఉన్నవాళ్ల రక్తం పరీక్షిస్తే లెప్టిన్ తక్కువ లేదు సరికదా, సన్నటివాళ్లకంటే చాలా ఎక్కువ ఉంది. ఒంట్లో కొవ్వు పెరిగేకొద్దీ లెప్టిన్ పెరుగుతుంది. ఆ కబురు మెదడుకి అందుతూనే ఉంటుంది, మెదడే దాన్ని లెక్కచేయడం తగ్గిస్తుంది. అలాంటప్పుడు బయటినుంచి ఇంకాస్త లెప్టిన్ పోసినా పెద్దగా ఒరిగిందేమీ లేదని పరీక్షల్లో తేలింది.

కాబట్టి మీ రిపోర్టులోని ఎర్ర అక్షరాలు చెబుతున్నది ఒకటే: మీ ఒంట్లో కొవ్వు కాస్త ఎక్కువ ఉంది. ఆ ముక్క బరువు చూసే మిషన్ ముందే చెప్పింది. పైగా అదే బరువున్న మగవాళ్లకంటే ఆడవాళ్లలో లెప్టిన్ ఎప్పుడూ ఎక్కువే ఉంటుంది. అసలు ఈ పరీక్షని మామూలు చెకప్ ప్యాకేజీలో ఎందుకు దూర్చారో నాకు అర్థం కాదు. దాని ఫలితం చూసి డాక్టర్ మార్చే మందు ఏదీ లేదు.

నిజంగా లెప్టిన్ లేనివాళ్లు ప్రపంచం మొత్తమ్మీద బహు కొద్దిమంది. 1997లో ఇంగ్లండ్‌లోని కేంబ్రిడ్జ్ డాక్టర్లు అలాంటి ఇద్దరు పిల్లల్ని గుర్తించారు. పాకిస్తాన్ మూలాలున్న ఒకే కుటుంబంలోని దాయాది పిల్లలు వాళ్లు. ఎనిమిదేళ్ల పాప 86 కిలోలుంది. పుట్టిన కొద్ది నెలల నుంచే తీరని ఆకలి. లెప్టిన్ ఇంజెక్షన్లు మొదలుపెట్టాక ఆకలి అదుపులోకి వచ్చింది, కొవ్వు కరిగింది. అలాంటి పిల్లలకి అది ప్రాణం పోసే మందే. మీకూ నాకూ దానితో పనిలేదు.

‘ఎంత మాడినా బరువు తగ్గదు’ అన్న మాటకి కూడా ఇక్కడే జవాబుంది. లెప్టిన్ అసలు డ్యూటీ కరువు కబురు చెప్పడం. మీరు వారం రోజులు రెండు పూటలా మజ్జిగ తాగి ఉన్నారనుకోండి, ఒంట్లో కొవ్వు ఇంకా బోలెడు ఉండగానే లెప్టిన్ మాత్రం గబగబా పడిపోతుంది. మెదడు ‘కరువొచ్చింది’ అనుకుంటుంది. ఆకలి పెంచుతుంది, ఒంటి ఖర్చు తగ్గిస్తుంది. ఆస్ట్రేలియాలో బాగా తక్కువ కేలరీల తిండితో బరువు తగ్గినవాళ్లని ఏడాది తర్వాత పరీక్షించి 2011లో ఫలితాలు ప్రచురించారు. అన్నాళ్ల తర్వాత కూడా లెప్టిన్ తగ్గే ఉంది, ఆకలి ముందుకంటే ఎక్కువే ఉంది. పెళ్లిళ్ల సీజన్‌కి ముందు నెలలో ఎనిమిది కిలోలు తగ్గి, శ్రావణం దాటేసరికి పది పెరిగేవాళ్లని మీరూ చూసే ఉంటారు. వాళ్లకి నోటికట్టు లేదని ఆడిపోసుకోవడం అన్యాయం. నేనైతే మీకు నెలకి కిలో, ఒకటిన్నర కిలోకి మించి తగ్గే డైట్ ఏదీ చెప్పను.

ఇప్పుడు మీ అసలు ప్రశ్న. 84 కిలోల ఆవిడకి లేని షుగర్ 66 కిలోల మీకెందుకు?

ఒంట్లో మిగిలిన శక్తిని దాచుకోవడానికి చర్మం కింద ఉండే కొవ్వు ఒక గాదె లాంటిది. పిరుదులు, తొడలు, జబ్బలు, పొట్టమీద పట్టుకుంటే చేతికొచ్చే మడత, ఇదంతా గాదెలో ధాన్యమే. చూడ్డానికి బాగుండకపోవచ్చు గానీ పెద్దగా కీడు చేయదు. కొందరికి పుట్టుకతోనే గాదె పెద్దది. కొందరికి చిన్నది, త్వరగా నిండిపోతుంది. ఆపైన వచ్చిన ధాన్యం వసారాలో, వంటింట్లో, నడిచే దారిలో పోసుకోవాల్సిందే. అలా పొర్లిన కొవ్వు పేగుల చుట్టూ, లివర్‌లో, కండల్లో, క్లోమంలో చేరుతుంది. తంటా అంతా అక్కడే.

పేగుల చుట్టూ ఉండే కొవ్వు నుంచి రక్తం నేరుగా లివర్‌కి వెళుతుంది. అక్కడ కరిగిన కొవ్వు, అక్కడ పుట్టిన రసాయనాలు ముందుగా లివర్‌కే తగులుతాయి. ఉబ్బిపోయిన కొవ్వు కణాల్లో కొన్ని చచ్చిపోతాయి. వాటిని శుభ్రం చేయడానికి తెల్లరక్తకణాలు వచ్చి గుంపులుగా చేరతాయి. అవి విడుదల చేసేవాటిలో టీఎన్‌ఎఫ్ ఆల్ఫా ఒకటి. అది ఇన్సులిన్ పనికి అడ్డం పడుతుందని 1993లోనే అమెరికాలో ఎలుకల మీద చూపించారు. లివర్ రాత్రంతా కొంచెం కొంచెంగా గ్లూకోజ్ తయారుచేసి రక్తంలోకి వదులుతుంది. ఇన్సులిన్ ‘చాలించు’ అంటే తగ్గించాలి. కొవ్వు పట్టిన లివర్ ఆ మాట సరిగ్గా వినదు. రాత్రి ఏమీ తినకపోయినా పొద్దున్నే 112 ఎందుకు వచ్చిందని చాలామంది టెన్షన్ పడతారు, ముందురాత్రి తిన్న అరటిపండు మీదకి నెపం తోస్తారు. ఎక్కువసార్లు దోషి ఈ లివరే.

ఇంకో హార్మోన్ ఉంది, దాని పేరు అడిపోనెక్టిన్. ఇదీ కొవ్వు కణాలే తయారుచేస్తాయి. విచిత్రం ఏమిటంటే కొవ్వు పెరిగితే, అందులోనూ లోపలి కొవ్వు పెరిగితే, ఇది తగ్గుతుంది. ఇది మంచి చేసే హార్మోన్. లివర్ గ్లూకోజ్ తయారీని తగ్గిస్తుంది, కండల్లో కొవ్వు ఖర్చయ్యేలా చూస్తుంది, ఇన్సులిన్ మాట చెల్లేలా చేస్తుంది. అంతే బరువున్న యూరప్ వాళ్లతో పోలిస్తే మన దక్షిణాసియా వాళ్లలో ఇది తక్కువ ఉంటుందని పలు అధ్యయనాల్లో కనిపించింది. మన గాదెలు చిన్నవన్నమాట.

దీని మీద 2004లో ‘లాన్సెట్’ పత్రికలో ఒక ఫొటో వచ్చింది. పుణె కేఈఎం ఆస్పత్రి డాక్టర్ యాజ్ఞిక్, లండన్ డాక్టర్ యుడ్‌కిన్ పక్కపక్కన నిలబడి ఉంటారు. ఇద్దరి బీఎంఐ (ఎత్తుతో పోల్చి చూసే బరువు లెక్క) అచ్చంగా 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం లండన్ ఆయనకి 9.1 శాతం, మన పుణె ఆయనకి 21.2 శాతం. ‘నేను లావు లేను కదండీ’ అనేవాళ్లకి ఆ ఫొటో చూపించాలనిపిస్తుంది.

బయటి కొవ్వుకీ లోపలి కొవ్వుకీ తేడా ఎంతో చెప్పే రుజువులు ఇంకో రెండున్నాయి. 2004లో అమెరికాలో లావుగా ఉన్న ఆడవాళ్లకి లైపోసక్షన్ చేసి పొట్ట చర్మం కింద నుంచి సుమారు 10 కిలోల కొవ్వు తీసేశారు. మూడు నెలలకి చూస్తే ఇన్సులిన్ పనితీరు ఏమీ మెరుగుపడలేదు. రెండోది పయోగ్లిటజోన్ అనే షుగర్ మాత్ర. అది వేసుకుంటే బరువు పెరుగుతుంది, షుగర్ తగ్గుతుంది! గాదెని పెద్దది చేసి, పొర్లినదాన్ని మళ్లీ అందులోకి పంపుతుంది, అడిపోనెక్టిన్ పెంచుతుంది. (ఆ మాత్ర రాయమని మీ డాక్టర్ని అడగకండి. దాని ఇబ్బందులు దానికున్నాయి.)

మన హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థలో రెండు రకాల లావు ఎలుకల్ని పెంచుతున్నారు. ఒక రకానికి ఎంత లావెక్కినా రక్తంలో షుగర్ మామూలుగానే ఉంటుంది. రెండో రకానికి లావుతో పాటు షుగర్ అదుపు కూడా తప్పుతుంది. రెండూ ఆ సంస్థ సొంత ఎలుకల సంతతిలోంచే పుట్టాయి. పెట్టే మేత కూడా ఒకటే. అక్కాచెల్లెళ్లలాంటి ఎలుకల మధ్యే ఇంత తేడా ఉంటే, మీరూ మీ తోటికోడలూ అసలు ఒక రక్తమే కాదు. వంటిల్లు ఒకటే గానీ పుట్టిళ్లు వేరు. మీ అమ్మగారి షుగర్ మీకు వచ్చింది, ఆవిడకి ఆవిడ పుట్టింటి ఒళ్లు వచ్చింది. అలాగని ఆవిడకి బీమా ఏమీ లేదు. ఇవాళ షుగర్ నార్మల్ ఉన్న స్థూలకాయుల్లో చాలామంది కొన్నేళ్లకి ఇటువైపే వస్తారు. బీపీ, మోకాళ్లు, గురక సంగతి సరేసరి.

మీ ఉత్తరంలో నన్ను ఆపిన మాట చివర్లో ఉంది. ‘రెండో కాన్పప్పుడు కాస్త వచ్చి, తర్వాత పోయింది’ అని ఒక్క ముక్కలో తేల్చేశారు. అమ్మా, అది లెప్టిన్ కంటే వంద రెట్లు పనికొచ్చే సమాచారం. గర్భంలో షుగర్ వచ్చిన ఆడవాళ్లకి తర్వాతి రోజుల్లో షుగర్ జబ్బు వచ్చే అవకాశం మిగతావాళ్లకంటే ఎన్నో రెట్లు ఎక్కువ. కాన్పయ్యాక ఏడాదికోసారి పరీక్ష చేయించుకోమని ఎవరూ గట్టిగా చెప్పి ఉండరు. చెప్పినా చంటిపిల్లతో మీకు తీరి ఉండదు. ఇకనుంచి ఏ డాక్టర్ దగ్గరికి వెళ్లినా ఈ మాట ముందు చెప్పండి.

పనికొచ్చే కొలత ఒకటుంది, దానికి ల్యాబ్ అక్కర్లేదు. ఇంట్లో కుట్టుమిషన్ దగ్గర టేపు ఉంటుంది కదా, అది తీయండి. చీర మీద నుంచి కొలవద్దు. కుచ్చిళ్లూ, లంగా బొందు ముడీ కూడా నడుము లెక్కలో కలిసిపోతాయి. పొద్దున టిఫిన్‌కి ముందు నిటారుగా నిలబడి, పక్కటెముకల్లో ఆఖరిదాన్ని వేలితో తడమండి. కింద తుంటి ఎముక పై అంచుని తడమండి. రెంటికీ సరిగ్గా మధ్యలో, ఒంటికి ఆనీ ఆననట్టు టేపు చుట్టండి. ఊపిరి మామూలుగా వదిలేశాక అంకె చూడండి. పొట్ట లోపలికి బిగిస్తే మోసపోయేది మీరే. మన దేశపు ఆడవాళ్లకి అది 80 సెంటీమీటర్ల లోపు ఉండాలి, మగవాళ్లకి 90. మీవారికి కూడా ఓసారి చుట్టండి. మీ బీఎంఐ 27.5. మనవాళ్లకి పెట్టుకున్న హద్దుల ప్రకారం 23 దాటితే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం.

తగ్గాల్సింది ఎంత? మీరు భయపడేంత లేదు. అమెరికాలో ప్రీ డయాబెటిస్ (షుగర్ జబ్బుకి ముందు దశ) ఉన్నవాళ్ల మీద చేసిన పెద్ద అధ్యయనం ఫలితాలు 2002లో వచ్చాయి. 7 శాతం బరువు తగ్గడం, వారానికి 150 నిమిషాలు నడవడం లక్ష్యంగా పెట్టుకున్న గుంపులో షుగర్ జబ్బుగా మారే ముప్పు 58 శాతం తగ్గింది. మీ లెక్కలో 7 శాతం అంటే నాలుగున్నర కిలోలు. అద్దంలో మీకు పెద్ద తేడా కనిపించదు. కానీ తిండి తగ్గించినప్పుడు లివర్‌లోని కొవ్వు ముందు వరసలో కరుగుతుంది, కాబట్టి తేడా లోపల తెలుస్తుంది. ఇంకా ఊరటనిచ్చేది చెన్నై నుంచి డాక్టర్ రామచంద్రన్ బృందం 2006లో ప్రచురించిన మన దేశపు అధ్యయనం. అందులో వాళ్ల బరువు పెద్దగా తగ్గలేదు, అయినా తిండీ నడకా మార్చుకున్నవాళ్లలో ముప్పు 28.5 శాతం తగ్గింది. పనిచేసే కండ ఇన్సులిన్ సాయం పెద్దగా లేకుండానే గ్లూకోజ్ లాక్కుంటుంది.

అన్నం మానేయమని నేను చెప్పను, చెప్పినా మీరు నెల తర్వాత మళ్లీ మొదలుపెడతారు. ఇప్పుడు వడ్డించుకునేదాంట్లో మూడోవంతు తీసేసి, ఆ చోట కూర పెట్టుకోండి. పప్పు గట్టిగా వండుకోండి. పప్పుచారు నీళ్లలో ప్రోటీన్ వెతుక్కోవడం దండగ. గుడ్డు, చేప, పెరుగు, శనగలు, ఏది మీ ఇంట్లో నడిస్తే అది రోజూ ఉండాలి. మన ఇళ్లలో ఇంకో సంగతి నడుస్తుంటుంది. కోడళ్లు ఆఖర్న తింటారు, గిన్నెలో మిగిలిన రెండు ముద్దలు పారేయడానికి చేతులు రాక తమ కంచంలోనే వేసుకుంటారు. రాత్రి 10 గంటలకి, ఆకలి లేకుండా. మీ ఇంట్లో కూడా ఇదే జరుగుతుంటే డైట్ చార్టు కంటే ముందు మార్చాల్సింది అదే. మీ కంచం 8 గంటలకే పెట్టేసుకోండి, మిగిలింది ఫ్రిజ్‌లో పెట్టండి.

నడక ఒక్కటే సరిపోదు. బడిలో ఖాళీ పీరియడ్‌లో కుర్చీలోంచి చేతులు ఆనించకుండా పదిసార్లు లేచి కూర్చోండి, రోజుకి రెండు మూడు విడతలు. తొడ కండరాలు పెద్దవి, గ్లూకోజ్ అక్కడే ఎక్కువ ఖర్చవుతుంది. రాత్రి తిన్నాక ఓ పావుగంట నడవండి. నిద్ర సంగతి కూడా చూసుకోండి. 2004లో చికాగోలో ఆరోగ్యంగా ఉన్న కుర్రాళ్లని రెండు రాత్రులు నాలుగేసి గంటలే పడుకోనిస్తే లెప్టిన్ 18 శాతం తగ్గింది, ఆకలి పుట్టించే ఇంకో హార్మోన్ 28 శాతం పెరిగింది. పేపర్లు దిద్దుతూ అర్ధరాత్రి దాకా కూర్చుంటే మర్నాడు చేయి బిస్కెట్ల డబ్బా మీదకి అందుకే వెళుతుంది.

ఇప్పుడు అందరూ మాట్లాడుకుంటున్న బరువు తగ్గించే ఇంజెక్షన్లు పేగుల నుంచి వచ్చే హార్మోన్లని అనుకరించేవి, కొవ్వు హార్మోన్లతో వాటికి నేరుగా సంబంధం లేదు. బాగా పనిచేస్తాయి. మీకు ఇప్పుడు వాటి అవసరం కనిపించడం లేదు. మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్ర సంగతి వేరు. గర్భంలో షుగర్ వచ్చి తగ్గినవాళ్లలో అది బాగా సాయపడింది కాబట్టి, మూడు నాలుగు నెలల్లో మార్పు రాకపోతే మీ డాక్టర్‌తో దాని గురించి మాట్లాడండి.

ఇక అన్నిటికంటే ముందు చేయాల్సిన పని మీ రిపోర్టులోనే ఉంది, ఎర్ర అక్షరాల గొడవలో దాన్ని ఎవరూ పట్టించుకున్నట్టు లేరు. హిమోగ్లోబిన్ 9.4! ఐరన్ లోపం వల్ల రక్తం తగ్గినవాళ్లలో హెచ్‌బీఏ1సీ ఉన్నదానికంటే ఎక్కువ చూపించవచ్చు. మీ 6.2లో ఎంత నిజమో ఇప్పుడే చెప్పలేం. అలాగని కొట్టిపారేయలేం, పరగడుపు 112 వేరే సాక్ష్యం చెబుతోంది. అందుకని 75 గ్రాముల గ్లూకోజ్ తాగి రెండు గంటలకి చూసే పరీక్ష చేయించండి. రెండు గంటల అంకె 140 లోపుంటే మంచిది, 200 దాటితే షుగర్ జబ్బు కిందికే వస్తుంది. దాంతో పాటు ఒంట్లో ఐరన్ నిల్వ చెప్పే ఫెరిటిన్, లివర్ పరిస్థితి చెప్పే ఎస్‌జీపీటీ పరీక్షలు చేయించండి. నెలసరి ఎక్కువ అవుతుంటే గైనకాలజిస్టుని కలవండి, కారణం తెలియకుండా ఊరికే మాత్రలు మింగితే లాభం లేదు. డాక్టర్ ఐరన్ రాస్తే నిమ్మరసంతో వేసుకోండి, టీ కాఫీలకి ముందూ వెనకా గంట ఎడం ఉంచండి. హిమోగ్లోబిన్ పెరిగి మూడు నెలలయ్యాక హెచ్‌బీఏ1సీ మళ్లీ చూపించండి. అప్పుడు వచ్చే అంకెనే నమ్మండి.